ఎల్లుండి శుభ్రపడిన ట్యాంకు

మా వీధి మొదట్లో ఉన్న పురపాలక సంఘం వారి ఓవర్‌హెడ్ ట్యాంకును గత నెల 15వ తేదీన శుభ్రపరిచారు. ఈ శుభవార్త నాకు 13వ తేదీ ఉదయమే తెలిసింది. ట్యాంకు స్తంభం మీద నీలిరంగు పూసిన చోట, "శుభ్రపరచిన తేదీ" అన్న తెల్లని అక్షరాలకు ఎదురుగా పెయింటరు 15 అంకె దిద్దుతుండగా, పాలప్యాకెట్టు చేతబట్టుకొని నేను కిందనే నిలబడి చూశాను.

"ఏం బాబూ, ఇవాళ పదమూడే కదా?" అని అడిగాను.

"పదిహేనో తారీకున పెద్ద సారు తనిఖీకొస్తారంటండీ. అప్పటికి పెయింటు ఆరొద్దా అండీ?" అన్నాడతను, కుంచె ఆపకుండానే.

ఆ జవాబులో నాకు ఒక్క తప్పు కూడా దొరకలేదు. పెయింటు ఆరడానికి వ్యవధి కావాలి, ట్యాంకు శుభ్రపడడానికి అక్కర్లేదు. జరగబోయే పనిని జరిగిపోయినట్టు రెండు రోజుల ముందే లిఖించి, ఆరబెట్టి, అధికారి కంటికి ఎదురుగా నిలబెట్టగలిగిన పరిపాలనను నిర్లక్ష్యం అనడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది? కింది వరుసలో "మరల శుభ్రపరచవలసిన తేదీ" అని కూడా ఉంది. దాని ఎదుట ఖాళీ వదిలేశారు. తరువాతి తనిఖీ ఎప్పుడో ఇంకా తెలియదట.

అనుకున్నట్టే 15వ తేదీ వచ్చింది. ఆ తెల్లవారుజామున కుళాయి తిప్పగానే ఇల్లంతా ఆసుపత్రి వరండా వాసన కమ్ముకుంది. ఏడాదంతా వేయవలసిన బ్లీచింగ్ పౌడరు బాకీని ఒక్క పూటలో తీర్చేశారని, ఆనాటి కాఫీ మొదటి గుక్కతోనే మా వీధి మొత్తానికి తెలిసిపోయింది. పదిన్నరకు జీపు దిగింది. ప్రజల సమక్షంలో తనిఖీ జరిగిందని రాసుకోవడానికి ఒక ప్రజ అవసరమై, ఖాళీగా కనిపించే రిటైర్డ్ మనిషిని కనుక నన్ను పిలిపించారు. ప్లాస్టిక్ కుర్చీ వేశారు, సమోసా ఇచ్చారు, సాక్షి సంతకం ఎక్కడ పెట్టాలో కూడా చూపించారు. నేను ఇంకా ఏమీ చూడలేదు కదా అన్నాను. చూడడం తరువాత కూడా చూడవచ్చునన్నారు.

నీటి నమూనాను ట్యాంకు కిందనే ఉన్న కుళాయి దగ్గర పట్టారు. ఈ ట్యాంకు నీళ్లు చిట్టచివర చేరే కాలనీ ఇక్కడికి కిలోమీటరున్నర దూరం. అక్కడికి వెళ్లే గొట్టం దారి పొడవునా సైడు కాలువలో మునిగే ప్రయాణం చేస్తుంది. నీరు వదిలే గంటసేపు లోపలి ఒత్తిడికి బయటి మురికి లోపలికి రాదు. వాల్వు కట్టేయగానే గొట్టం ఖాళీ అయి, పగుళ్లలోంచి కాలువ నీళ్లను తనలోకి లాక్కుంటుంది. కుళాయికి మోటారు బిగించిన ఇళ్లుంటే ఆ పీల్చుడు మరింత జోరుగా సాగుతుంది. రోజుకు గంటసేపు నీళ్లిచ్చే ఊళ్లలో వ్యాధి చేరే దారి ఇదేనని ఆ జీపులో వచ్చిన వారందరూ పరీక్షల్లో రాసి ఉద్యోగాలు తెచ్చుకున్నవారే. అయినా చివరి కాలనీకి జీపు వెళ్లలేదు. రోడ్డు బాగాలేదట.

సరే, క్లోరోస్కోపు తీశారు. గాజు గొట్టంలో నీళ్లు పట్టి అందులో మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్న మేరకు పసుపు రంగు తిరుగుతుంది. దానిని పక్కన ఉన్న రంగులతో పోల్చి అంకె చెబుతారు. లేత పసుపు రావలసిన గొట్టంలో ఆ రోజు మాగిన నారింజపండు రంగు వచ్చింది. పక్కన పోల్చి చూసుకోవడానికి పెట్టిన రంగుల్లో అలాంటిది లేనేలేదు. పెద్ద సారు గొట్టాన్ని ఎండకు ఎత్తిపట్టి "ఎంత?" అన్నారు. "పాయింట్ ఫైవ్ సార్" అన్నాడు ఫిట్టరు. ఆయన తల ఊపారు. ఫిట్టరు అబద్ధమాడాడని నేననను. రిజిస్టరులో ఆ అంకె అప్పటికే రాసి ఉంది, అతను చదివి వినిపించాడంతే. తనిఖీ ముగిసింది. ఎండ ఎక్కువగా ఉండడం వల్ల సారుకు దాహం వేసింది. ప్రమాణాలకు పూర్తిగా లోబడి ఉన్నదని తాను అప్పుడే సంతకం చేసిన నీటి కుళాయి మూడడుగుల దూరంలోనే ఉంది. ఆయన చేయి చాచగానే జీపులోంచి సీలు వేసిన బాటిలు వచ్చింది.

వారు సమోసాల పనిలో ఉండగా, సంతకం పెట్టిన హక్కుతో ఆ రిజిస్టరు తిరగేశాను. మూడు నెలల పాటు ప్రతి దినమూ ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఒకే అంకె: 0.5. ఆ మూడు నెలల్లోనే మెయిన్ రోడ్డులో పైపు పగిలి, మా పేటకు వరుసగా మూడు రోజులు చుక్క నీరు రాలేదు. ఆ మూడు రోజులూ లేని నీటిలో క్లోరిన్ 0.5 ఉన్నది.

ఈ 0.5 సామాన్యమైన అంకె కాదు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500, కుళాయి దగ్గర కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ లీటరు నీటిలో మిగలాలంటుంది. వైరస్‌ల నుంచి రక్షణ కావలసిన చోట 0.5 ఉండాలంటుంది. అందుకని అడిగినదానికంటే ఎక్కువే రాసుకున్నామన్న తృప్తి. పైగా దీనికి అంతర్జాతీయ ఖ్యాతి కూడా ఉంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అనే చిన్న ఊరు. అక్కడి నీటి సరఫరా సిబ్బంది కూడా బావి దగ్గర పరీక్ష చేయకుండానే రోజువారీ కాగితాల్లో 0.5 అనీ, విసుగు పుడితే 0.75 అనీ ఏళ్ల తరబడి రాసుకొన్నారు. 2000 మే నెలలో పెద్ద వానలకు పశువుల పేడ నీళ్లు బావిలోకి దిగాయి. ఏడుగురు చనిపోయారు, రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు. తేడా ఆ తరువాతే వచ్చింది. వాళ్లు న్యాయమూర్తి చేత బహిరంగ విచారణ జరిపించారు, ఆ దొంగ అంకెలను ఒక్కొక్కటిగా బయటపెట్టారు, రాసినవారికి కోర్టులో శిక్ష వేయించారు, 2002లో తాగునీటి కోసం ప్రత్యేక చట్టం చేసుకొన్నారు. అంకెను అంత పట్టించుకుంటారా ఎవరైనా!

మనం అటువంటి తొందరపాటుకు పోలేదు. ఐఎస్ 10500ను పాటించి తీరాలని పురపాలక సంఘాలను కట్టడి చేసే చట్టం మనకు లేదు. అది సలహా. 2019 నవంబరులో కేంద్రం నగరాల కుళాయి నీటిని పరీక్షింపజేస్తే, ఢిల్లీలో పట్టిన 11 నమూనాలూ తప్పాయి, ముంబై ఒక్కటే పూర్తిగా గట్టెక్కింది. హైదరాబాదు, అమరావతి కూడా నెగ్గలేదు. నీటి సంగతి పక్కకు పోయి, నమూనాలు ఎవరింట్లో పట్టారన్న దాని మీద ఢిల్లీలో మంత్రులూ ముఖ్యమంత్రీ తగువులాడుకొన్నారు. అదే నీటిని బాటిల్లో పోసి మూత బిగించారనుకోండి, అప్పుడు అది ఆహార భద్రతా సంస్థ పరిధిలోకి వస్తుంది. 2024 చివర బాటిల్ నీళ్లను అత్యధిక ప్రమాదం గల ఆహారాల జాబితాలో చేర్చి ఏటా తనిఖీ తప్పనిసరి చేశారు కూడా. డబ్బిచ్చి కొనుక్కొనేవాడి నీటికి బయటి ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. కుళాయి నీటిని మాత్రం సరఫరా చేసేది, పరీక్షించేది, రిజిస్టరు రాసేది, ఆ రిజిస్టరును తనిఖీ చేసేది అంతా ఒకే ఇంటివారు. కోడలి వంటను అత్తగారు కాక కోడలే రుచి చూసి మెచ్చుకొనే ఏర్పాటన్నమాట. కాలుష్య నియంత్రణ మండలి ఉన్నది కదా అంటారేమో. దాని చూపు నదుల మీదా మురుగు మీదా ఉంటుంది, వంటింటి బిందె దాకా రాదు.

2009లో హైదరాబాదు భోలక్‌పూర్‌లో ఏం జరిగిందో, 2018 మార్చిలో గుంటూరులో ఏం జరిగిందో, 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో ఏం జరిగిందో నేను కొత్తగా చెప్పాలా? ప్రతిసారీ మనుషులు వాంతులూ విరేచనాలతో ఆసుపత్రుల వరండాల్లో పడుకొన్నారు, కొందరు తిరిగి ఇంటికి రాలేదు. గుర్లలో చనిపోయినవారు ఎందరన్న లెక్కే ప్రభుత్వానికీ ప్రతిపక్షానికీ కుదరలేదు. క్లోరిన్ లెక్క మాత్రం రోజూ ఠంచనుగా కుదురుతుంది! మనిషి పోయాక మైకు కట్టిన ఆటో వస్తుంది: "నీటిని కాచి, వడపోసి, చల్లార్చి తాగండి." ఎవరికయ్యా చెబుతున్నారు? ఉదయం ఐదింటికి బిందె నింపి ఆరింటికి కూలికి పోయే మనిషికా? సిలిండరు అయిపోతే వారం రోజులు కట్టెలు ఏరుకొచ్చే ఇంటికా? నీటి పన్ను నోటీసు మీద కాచుకోవాలని రాస్తారా? పన్ను తీసుకొని మురికి పంపి, ఆ మురికిని మీరే కాచుకోండని చెప్పడానికి సిగ్గుండాలి. ఫిట్టరును సస్పెండు చేస్తారు. పాయింట్ ఫైవ్ కింద నెలనెలా సంతకం పెట్టిన చేతులు పదోన్నతి మీద జిల్లా కేంద్రానికి వెళ్తాయి. ఆ చేతులు ఒక్కసారైనా చివరి కాలనీ కుళాయి కింద దోసిలి పట్టి ఉంటే, ఎవరి ఇంటి బిడ్డో ఇవాళ బడిలో ఉండేది.

కోపంలో విషయం తప్పాను. తనిఖీ సంగతి చెబుతున్నాను కదా. వారం తరువాత వాల్వు తిప్పే కుర్రవాడు ట్యాంకు దగ్గర కనబడ్డాడు. పక్కన పంపుహౌసులో మూతి విప్పిన బ్లీచింగ్ పౌడరు సంచి తేమకు గడ్డకట్టి ఉంది. లోపలికి దిగే ఇనుప నిచ్చెన మొదటి మెట్టు మీద సాలెగూడు చెక్కుచెదరలేదు.

"ఇంతకీ పదిహేనున కడిగారా, లేదా బాబూ?" అని అడిగాను.

అతను నా వైపు జాలిగా చూసి, స్తంభం వైపు వేలు చూపించాడు.

"రాసుంది కదండీ బాబాయ్ గారూ."