బ్రిటిష్ విలాస కారు తలరాత రాసింది బాడీ షాపే

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి బ్రిటిష్ విలాస కార్ల ప్రస్తావన ఎక్కడ వచ్చినా రెండు మాటలే వినిపిస్తాయి. తోలు సీట్లు, వాల్‌నట్ చెక్క డాష్‌బోర్డు చూపించి ఆ పనితనం మళ్లీ రాదని కొందరు అంటారు. సమ్మెలతో కార్మికులే ఆ పరిశ్రమను ముంచారని మరికొందరు అంటారు. సమ్మెలు జరగలేదని నేను అనను. కానీ ఈ రెండు మాటలూ అసలు విషయాన్ని పక్కకు నెట్టేస్తున్నాయని చాలాకాలంగా నా బాధ. ఆ కార్ల భవిష్యత్తును నిర్ణయించింది వాటి బాడీని ఎవరు, ఎక్కడ చేస్తారన్న ప్రశ్న.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ తయారవడం చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కంపెనీ నుంచి ఇంజిన్ బిగించిన ఛాసిస్ వస్తుంది, దానిమీద బాడీ కట్టేది ఆటోనగర్ పనివాళ్లు. యుద్ధానికి ముందు రోల్స్ రాయిస్, బెంట్లీ కార్ల పద్ధతి కూడా ఇదే. కంపెనీ ఛాసిస్ అమ్మేది. కొన్నవారు దాన్ని హూపర్, పార్క్ వార్డ్, హెచ్.జె. మల్లినర్ వంటి బాడీ నిర్మాతల దగ్గరికి పంపితే, వారు చెక్క చట్రం కట్టి, దానిమీద చేత్తో సాగగొట్టిన రేకు తొడిగేవారు.

1946లో ఈ పద్ధతి మారింది. యుద్ధకాలంలో మెర్లిన్ విమాన ఇంజిన్లు తయారుచేసిన క్రూ పట్టణపు ఫ్యాక్టరీ నుంచి బెంట్లీ మార్క్ 6 బయటికి వచ్చింది. దాని ఉక్కు బాడీని కౌలీలోని ప్రెస్డ్ స్టీల్ కంపెనీ అచ్చులతో ఒత్తి ఇచ్చేది. మొత్తం కారును కంపెనీ నుంచే నేరుగా కొనుక్కునే వీలు అప్పుడే మొదటిసారి కలిగింది. అలాంటి బాడీతో రోల్స్ రాయిస్ పేరు మీద సిల్వర్ డాన్ 1949లో గాని రాలేదు, అదీ మొదట ఎగుమతికే. అచ్చు బాడీ అంటే పేరుకు మచ్చ అని వారు ఎంతగా జంకారో ఆ మూడేళ్ల ఆలస్యమే చెబుతోందని నా అభిప్రాయం. అయినా మార్క్ 6 కార్లు అయిదు వేలకు పైగా తయారయ్యాయి.

ఉక్కు అచ్చులు చేయించడానికి పెద్ద పెట్టుబడి కావాలి, వేల కార్లు అమ్ముడైతే తప్ప అది తిరిగి రాదు. ఈ లెక్క కుదరనివారు ఒక్కొక్కరే తప్పుకున్నారు. హూపర్ 1959లో మూతపడింది, ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీ 1960లో కార్లు మానేసింది, ఆల్విస్ 1967లో మానేసింది. 1965లో విడి ఛాసిస్ లేని రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో వచ్చాక పాత తరహా బాడీ నిర్మాతలకు చేయడానికి పనే దాదాపు మిగల్లేదు.

ఈ లెక్కను అందరికంటే బాగా గ్రహించినవాడు జాగ్వార్ అధిపతి విలియం లయన్స్. యుద్ధకాలంలో కోవెంట్రీ ఫ్యాక్టరీ పైకప్పు మీద బాంబుల మంటలు పడకుండా కాపలా కాసే రాత్రుల్లో ఆయన, తన ఇంజనీర్లు హేన్స్, హసన్, బెయిలీ కలిసి ఒక కొత్త ఇంజిన్ గురించి చర్చించుకునేవారు. రెండు ఓవర్‌హెడ్ కామ్‌షాఫ్టులు (కవాటాలను తెరిచే పైభాగపు కడ్డీలు) ఉన్న ఆ 3.4 లీటర్ల ఇంజిన్ 1950లో మార్క్ 7 అనే పెద్ద సెలూన్ (నాలుగు తలుపుల, పైకప్పున్న కారు) లోకి వచ్చింది. గంటకు 160 కిలోమీటర్లు దాటే ఆ కారు ధర బెంట్లీ ధరలో చిన్న భాగమే. ఎగుమతి చేసేవారికే ఉక్కు కేటాయింపు దొరికే ఆ కరువు రోజుల్లో అది అమెరికాలో బాగా అమ్ముడైంది. లయన్స్ కాగితం మీద గీసేవాడు కాదు. పనివారిని పక్కన పెట్టుకుని నిలువెత్తు రేకు నమూనా చేయించి, తన ఇంటి ముందు పగటి వెలుతురులో నిలబెట్టి, గీత నచ్చేదాకా మార్పించేవాడు. రూపం విషయంలో అంత పట్టుదల ఉన్న మనిషికి బాడీలు ఒత్తే సొంత ప్రెస్సు షాపు లేదు! ఆయన కూడా ప్రెస్డ్ స్టీల్ మీదే ఆధారపడ్డాడు.

1965లో ఆ ప్రెస్డ్ స్టీల్‌ను బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) అనే పెద్ద కార్ల కంపెనీ కొనేసింది. తన కారు బాడీ పోటీదారు చేతిలోకి వెళ్లిన తర్వాత లయన్స్‌కు దారి ఇరుకైంది. ఒక్కగానొక్క కొడుకు 1955లోనే రోడ్డు ప్రమాదంలో పోయాడు, వారసుడు లేడు. 1966లో జాగ్వార్ బీఎంసీతో కలిసింది, 1968లో బ్రిటిష్ లేలాండ్ అనే ఇంకా పెద్ద కార్ల సంస్థలో భాగమైంది. ఆ విలీనాన్ని ఆయన అత్యాశగానో అలసటగానో కొట్టిపారేసేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

అదే 1968 సెప్టెంబరులో జాగ్వార్ ఎక్స్‌జే6 వచ్చింది. యుద్ధానంతర బ్రిటిష్ సెలూన్లలో అత్యుత్తమమైనది ఇదేనని నేను నిస్సంకోచంగా అంటాను. ఇంజనీరు బాబ్ నైట్ సస్పెన్షన్‌ను రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టి, రోడ్డు చప్పుడును లోపలికి రాకుండా ఆపిన తీరు దానికంటే ఎంతో ఖరీదైన కార్లను కూడా సిగ్గుపడేలా చేసింది. అంతటి కారుకు బాడీలు మాత్రం జాగ్వార్ అదుపులో లేని కాజిల్ బ్రామ్‌విచ్ ఫ్యాక్టరీ నుంచి రావలసి వచ్చింది. 1979లో ఎక్స్‌జే6 మూడో సిరీస్ విడుదలైనప్పుడు, అక్కడి కొత్త పెయింట్ షాపు సరిగా పనిచేయక, మొదట మూడు రంగుల్లోనే కార్లు ఇవ్వగలిగారు. విలాస కారు కొనడానికి వచ్చినవారికి రంగు ఎంచుకునే వీలే లేకపోతే ఆ తప్పు కోవెంట్రీలోని జాగ్వార్ ఫ్యాక్టరీ బ్రౌన్స్ లేన్‌లో కారు బిగించే కార్మికుడిదా?

1980లో జాగ్వార్ అధిపతిగా వచ్చిన జాన్ ఈగన్ నాణ్యతను చక్కదిద్దాడు. 1984లో జాగ్వార్ మళ్లీ విడి కంపెనీ అయింది, తర్వాత ఫోర్డ్ చేతికి, 2008లో మన టాటాల చేతికి వెళ్లింది. బ్రౌన్స్ లేన్‌లో బిగింపు పని 2005లో ఆగి, ఎక్స్‌జే తయారీ మొత్తం కాజిల్ బ్రామ్‌విచ్‌కే చేరింది. లయన్స్‌కు దక్కనిది అక్కడ కుదిరింది: బాడీ, రంగు, బిగింపు ఒకే ఆవరణలో. చివరి ఎక్స్‌జే 2019 జూలైలో అక్కడి నుంచే బయటికి వచ్చింది.