పెన్నలో నడుము లోతు దిగమని ఎవరు చెప్పారు?

మూడు రోజుల్లో ఆ మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. చివరిసారి పంపింది మా పిన్ని. "కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున నదిలో నడుము లోతు దిగి దీపం వదలాలి. ఆ రోజు గంగమ్మ ఎవరికీ హాని చేయదు. ఇంట్లో వెలిగించిన 365 వత్తులకు ఫలం లేదు. అరటిదొప్ప దొరక్కపోతే థర్మాకోల్ ప్లేటయినా పర్లేదు. కాశీలో ఇలాగే చేస్తారు, ఆ వెలుగు అంతరిక్షం నుంచి కూడా కనిపించింది."

అంతరిక్షం నుంచి కనిపించిందంటూ తిప్పే ఫొటో సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. అది పండగ రాత్రి తీసింది కాదు. ఊళ్ల వెలుగు ఏళ్ల తరబడి ఎలా పెరిగిందో చూపించడానికి ఉపగ్రహ చిత్రాలు కలిపి రంగులేసిన బొమ్మ.

థర్మాకోల్ కుళ్లదు, పూసలు పూసలుగా విడిపోయి చేపల నోట్లోకి పోతుంది. ఆ రోజు మనం చదివే దీప శ్లోకం నీళ్లలో బతికే జీవులకు కూడా మేలు కోరుతుంది. ఆ శ్లోకం చదివిన చేత్తోనే ప్లేటు ఎలా వదులుతాం?

ఇక హాని చేయదనే మాట. నాకు కోపం తెప్పించింది ఇదే. కాశీలో కార్తీకానికి వానలు వెనక్కి పోయి ఉంటాయి. మనకు వాయుగుండాలు మొదలయ్యేదే అప్పుడు. పెన్నకు నీళ్లొచ్చే కాలమే అది. 2021 నవంబర్ 19 పౌర్ణమే. ఆ తెల్లవారుజామునే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. శివాలయం దగ్గరున్నవాళ్లు కూడా కొట్టుకుపోయారు. చెయ్యేరు వచ్చి కలిసేది మన పెన్నలోనే. ఆ వరదకు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయింది. వరద ఊళ్లోకి రాకుండా పెన్న ఒడ్డున వేసిన పొర్లుకట్ట పక్కన ఉండేవాళ్లను అడగండి, ఆ రాత్రులు ఎలా గడిచాయో చెప్తారు. వరద లేని ఏడు కూడా ఇసుక తవ్విన గుంతలు నీళ్ల కింద కనపడవు. చీకట్లో, తడి చీరతో, చేతిలో దీపంతో ఉన్న ఆడమనిషి కాలు గుంతలో పడితే ఆ మెసేజ్ రాసినాయన వచ్చి పట్టుకుంటాడా? ఫార్వర్డ్ చేసినవాళ్లు పట్టుకుంటారా?

కాశీలో అయినా కార్తీక పౌర్ణమికి చేసే దేవ దీపావళి అందమంతా ఘాట్ల మెట్ల మీద పేర్చిన ప్రమిదలదే. అక్కడ మెట్లు ఎక్కించిన దీపాన్ని ఇక్కడ నడుము లోతుకు దించారు.

ఇంటి దీపానికి ఫలం లేదట. మా అమ్మమ్మ మోకాళ్లు వంగక తులసికోట దగ్గరే 365 వత్తులు వెలిగించేది. అది చెల్లదని చెప్పడానికి వీళ్లెవరు?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. పెన్న ఒడ్డున జొన్నవాడలో కామాక్షమ్మ దర్శనం చేసుకుని, దొప్పలో దీపం పెట్టి నీళ్ల మీదకు వదిలాక అది ఊగుతూ పోతుంటే మనసుకు కలిగేది ఇంట్లో కలగదు. నాకూ కలగలేదు. అందుకే ఏటా వెళ్తాను, ఈ ఏడు కూడా వెళ్తాను. మెట్టు మీదే కూర్చుని వదులుతాను, పిల్లల చెయ్యి వదలకుండా.

పిన్నీ, పౌర్ణమి ముందు రోజు పెన్న మీది సోమశిల డ్యామ్ నుంచి ఎంత నీళ్లు వదులుతున్నారో పేపర్లో వేస్తారు. మన గ్రూపులో అది పెట్టు.