పిల్లలంటే ఇష్టం ఉంటే పీహెచ్‌డీ వచ్చేస్తుందా?

ఒక సందేశం చేతులు మారుతూ తిరుగుతోంది: "పిల్లలంటే ఇష్టం ఉంటే చాలు, వికాస మనోవిజ్ఞానంలో పీహెచ్‌డీ తేలిక. లెక్కలతో పని లేదు. లావుపాటి సిద్ధాంత గ్రంథం రాసిస్తే పట్టా వస్తుంది, క్లినిక్ తెరవచ్చు. డిగ్రీలో సైకాలజీ చదవనివారికి మాత్రం ప్రవేశమే లేదు." వికాస మనోవిజ్ఞానమంటే వయసుతో పాటు మనిషి మనసు ఎలా ఎదుగుతుందో, ఎలా మారుతుందో పరిశీలించే శాస్త్రం. ఇంత చిన్న సందేశంలో ఇన్ని తప్పులు ఇమడ్చడమూ ఒక విద్యే.

ముందుగా లెక్కల సంగతి. ఆరు నెలల బిడ్డను ప్రశ్నలడిగి జవాబు రాబట్టలేం. అందుకని తెర మీద ఒకే బొమ్మను పదే పదే చూపిస్తారు. బిడ్డకు విసుగు పుట్టి చూపు తగ్గాక కొత్త బొమ్మ పెడతారు. దాన్ని ఎక్కువసేపు చూస్తే తేడా పసిగట్టినట్టు. ఆ చూపు ఎన్ని సెకన్లు నిలిచిందో వీడియో చూసి ఇద్దరు విడివిడిగా కొలుస్తారు. ఇద్దరి కొలతలు ఎంతవరకు కలిశాయో మళ్లీ లెక్క కట్టాలి. మధ్యలో బిడ్డ గుక్కపట్టి ఏడ్చిందా, ఆ పూట శ్రమ చాలాసార్లు వృథాయే. అదే పిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించే అధ్యయనాల్లోనైతే కొందరు మధ్యలోనే మానేస్తారు. ఆ ఖాళీలను ఎలా పూరించాలో గణాంకశాస్త్రం రానివారికి తోచదు.

"రాసిస్తే పట్టా" అన్నది మరీ అన్యాయం. చాలా విశ్వవిద్యాలయాల్లో ముందు అర్హత పరీక్ష గట్టెక్కాలి, తర్వాత పరిశోధన ప్రతిపాదనను కమిటీ ఒప్పుకోవాలి. పిల్లలతో పని కాబట్టి నైతిక విలువల కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఊహ తెలిసిన పిల్లలైతే వాళ్లూ సరేననాలి. రాయడం ఆ తర్వాతి మాట. రాశాక పరీక్షకుల ఎదుట కూర్చుని ప్రతి వాక్యాన్నీ సమర్థించుకోవాలి.

క్లినిక్ మాటకొస్తే, ఇది పరిశోధన పట్టా, చికిత్సకు లైసెన్సు కాదు. అమెరికాలోని మనోవిజ్ఞానవేత్తల సంఘం అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ డాక్టరేట్ స్థాయిలో గుర్తింపు ఇచ్చేది క్లినికల్, కౌన్సెలింగ్, స్కూల్ సైకాలజీ వంటి, జనానికి నేరుగా సేవలందించే రంగాల కోర్సులకే.

పిల్లలంటే ఇష్టం ఉండటం మంచిదే. కానీ ఈ శాస్త్రం ముసలితనం దాకా సాగుతుంది. డెబ్బై ఏళ్లవారి జ్ఞాపకశక్తి మీద పనిచేసి, ఒక్క పసిబిడ్డనూ ఎత్తుకోకుండానే పట్టా పుచ్చుకోవచ్చు.

ఇక ప్రవేశం. నియమాలు చోటును బట్టి మారతాయి; వేరే సబ్జెక్టు చదివినా పరిశోధన అనుభవం చూసి తీసుకునే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. అన్నట్టు, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించి ఈ రంగంలో అందరూ తలచుకునే పేరైన జీన్ పియాజే 1918లో స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందింది నత్తల జాతి జీవుల మీద!