కాఫీయే కదా!

మా అమ్మకి గోదావరి వరదంటే భయం లేదు. పాలకొల్లులో పళ్ళ డాక్టరు కుర్చీ చూస్తే మాత్రం కాళ్ళు వణుకుతాయి. చిన్నప్పుడు సూదిమందు ఎక్కకముందే ఇద్దరు చేతులు పట్టుకుని దవడ పన్ను పీకించారట. అప్పట్నుంచీ లవంగ నూనెతోనే నెట్టుకొచ్చింది. మనం దాన్ని చాదస్తం అని కసురుతాం.

ఇలాంటివాళ్ళకి పూర్తి మత్తులో పళ్ళ వైద్యం ఉంది. అసలు మత్తుకి దారి వేసిందే పళ్ళ డాక్టర్లు. 1844లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హోరేస్ వెల్స్ అనే పళ్ళ డాక్టరు, నొప్పి తెలియనివ్వని నవ్వుల గ్యాసు పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. 1846లో బోస్టన్‌లో ఈథర్ అనే మత్తుమందు ఇచ్చి చూపించిన మోర్టన్‌దీ అదే వృత్తి.

అయితే రెండు కుర్చీల క్లినిక్కులో చేయించే పని కాదిది. తరచు ముక్కులోంచి శ్వాసగొట్టం వేస్తారు. ఆపరేషన్ థియేటరూ, పని అయ్యేదాకా పక్కనే ఉండే మత్తు డాక్టరూ కావాలి. బ్రిటన్‌లో 2002 నుంచి ఆసుపత్రుల్లో తప్ప ఇవ్వనివ్వడం లేదు. మన డెల్టాలోనూ భీమవరం, రాజమండ్రిల్లో డెంటల్ కాలేజీలున్నాయి, అక్కడ అడిగి చూడొచ్చు. చాలామందికి నిదానంగా మాట్లాడే డాక్టరూ, కాస్త నవ్వుల గ్యాసూ చాలు.

నాకు నచ్చనిది మన తొందర. సంక్రాంతికి పది రోజులు వస్తాం, అమ్మ నోరంతా ఒక్కపూటలో బాగుచేయించెయ్యాలంటాం. మళ్ళీ మత్తు ఇవ్వాల్సి రాకుండా, నిలుస్తుందో లేదో తెలియని పన్నుని డాక్టరు పీకెయ్యడానికే మొగ్గుతాడు. మన సెలవు కోసం ఆవిడ పన్ను పోవచ్చన్నమాట.

నేనూ ఆ బాపతే. తెల్లారి ఏడింటికి థియేటరు బయట మత్తు డాక్టరు "ఏమైనా తిన్నారా అమ్మా?" అన్నారు. "ఆయ్, ఏం తిన్లేదండి. కాఫీ తాగానంతే," అంది అమ్మ. పాలకాఫీ! నీళ్ళయితే రెండు గంటల ముందు దాకా ఫరవాలేదు. పాలు పడితే ఆరు గంటలు ఆగాలి. మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుంది. మా ఇళ్ళలో కాఫీ తిండి లెక్కలోకి రాదని ఆయనకి తెలుసు కాబోలు, నవ్వి వాయిదా వేశారు. నేను మాత్రం వరండాలోనే అమ్మ మీద అరిచాను. మర్నాడే నా తిరుగు ప్రయాణం.

నెల తర్వాత మావయ్య తీసుకెళ్ళి చేయించాడు. రెండు పళ్ళు పీకారు, మూడు నిలబెట్టారు. ఆ రాత్రి మావయ్యే అమ్మ దగ్గర పడుకున్నాడు.