మీడియా ఏది బాబూ?

మా ల్యాబ్‌లో మూలన ఉండే సిస్టమ్ హార్డ్ డిస్క్ పోయింది. కొత్త ఎస్ఎస్‌డీ వేశాం, ఇక విండోస్ ఎక్కించడమే కదా, అరగంట పని సార్ అని హెచ్ఓడీ సార్ ముందు గొప్పగా కోసేశా. అక్కడే బుక్కయిపోయా. క్రాక్‌ల జోలికి పోకు, మనకి కాలేజీ మొత్తానికీ కలిపి వాల్యూమ్ లైసెన్స్ ఉంది, కంప్యూటర్ సెంటర్ నుంచే తెచ్చుకో అన్నారు సార్.

సెంటర్‌కి వెళ్తే ముందు ఫారం. సిస్టమ్ సీరియల్ నంబరు, స్టాక్ రిజిస్టర్ పేజీ నంబరు, హెచ్ఓడీ సంతకం, స్టాంపు. స్టాంపు ప్యాడ్ ఎండిపోయి ఉంటే మా అటెండర్ అన్న దాని మీద నాలుగు చుక్కలు నీళ్లు పోసి ఒక్క గుద్దు గుద్దాడు, డిపార్ట్‌మెంట్ పేరు కాస్తా నీలం మబ్బయి కూర్చుంది. సెంటర్ సార్ ఆ మబ్బుని ట్యూబ్‌లైట్‌కి ఎత్తి పట్టి చూసి "మీడియా ఏది?" అన్నారు. ఒక్క క్షణం నాకు మైకులు పట్టుకున్న టీవీ వాళ్లే గుర్తొచ్చారు. "పెన్‌డ్రైవ్ బాబూ పెన్‌డ్రైవ్, అది మీరే తెచ్చుకోవాలి." డీవీడీలైతే బీరువా నిండా ఉన్నాయట, మా సిస్టమ్‌కి ఆ డ్రైవే లేదు.

మళ్లీ వెనక్కి. హెచ్ఓడీ సార్ తన 32 జీబీది ఇచ్చారు, అందులోవన్నీ ముందే ల్యాప్‌టాప్‌లోకి తీసేసుకుని మరీ. (ఆయన జాగ్రత్త ఆయనది.) విండోస్ మొత్తాన్ని మూటగట్టిన ఐఎస్ఓ ఫైలు ఐదు జీబీ పైచిలుకు. కాపీ కొడితే ఫైలు మరీ పెద్దది, పట్టదు అంటుంది! కల్యాణ మండపం మొత్తం ఖాళీ పెట్టుకుని పెళ్లికూతురికి చోటు లేదన్నట్టు. తీరా చూస్తే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్లో ఉంది, అందులో ఎంత చోటున్నా సరే ఏ ఒక్క ఫైలూ 4 జీబీ దాటకూడదు. సరే అని ఆ లిమిట్ లేని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి ఫార్మాట్ చేసి, కాపీ కొట్టి, విజయగర్వంతో ల్యాబ్‌కొచ్చి గుచ్చి, ఎఫ్12 టపటపా కొడితే బూటబుల్ డివైస్ (అంటే సిస్టమ్‌ని లేపే సరుకు) లేదు అంది. తీసి, ఊది, మళ్లీ గుచ్చా. (ఎందుకు ఊదుతామో ఎవరికీ తెలీదు, ఊదుతాం అంతే.) లేదు. వెనక పోర్టులో పెట్టా. లేదు.

మూడోసారి నన్ను చూసి సెంటర్ సార్ నవ్వేశారు. "బియ్యం బస్తా తీసుకెళ్లి పొయ్యి మీద పెడితే అన్నం అవుద్దా? ఐఎస్ఓ అలాగే పడేస్తే బూట్ అవదు, రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో రాయాలి" అని, దొరికాడు కదా అని క్లాసు కూడా పీకారు. కీ ఏమీ ఇవ్వరట, సిస్టమ్ క్యాంపస్ నెట్‌వర్క్‌లో ఉంటే కేఎంఎస్ అని లైసెన్సులు చూసుకునే సర్వరే యాక్టివేట్ చేసేస్తుందట, అదీ 180 రోజులకే, మధ్యమధ్యలో సర్వర్‌కి మొహం చూపిస్తూ ఉండాలి, పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినట్టు. ఆ సర్వర్ కూడా కనీసం 25 సిస్టమ్స్ వచ్చి అడిగితేగానీ విండోస్‌కి పని మొదలుపెట్టదట, మా ఊరి షేర్ ఆటో నయం. చివర్లో పిడుగు: "ఇది అప్‌గ్రేడ్ లైసెన్సే, ముందే విండోస్ లైసెన్స్ ఉన్న సిస్టమ్‌కే చెల్లుద్ది. మీ సిస్టమ్ విండోస్‌తో కొన్నారా, రేటు తక్కువని విండోస్ లేకుండా డాస్‌తో కొన్నారా?" గుండె ఆగినంత పనైంది. క్యాబినెట్ వెనక విండోస్ స్టిక్కర్ చూసిన గుర్తుంది కాబట్టి బతికిపోయా.

రూఫస్ పదిహేను నిమిషాల్లో రాసేసింది. అప్పటికి ఐదు దాటింది, ల్యాబ్ తాళం పడింది, రేపు పొద్దున్నే చూద్దాంలే అని పెన్‌డ్రైవ్ సార్ టేబుల్ మీద పెట్టి ఇంటికి పోయా.

పొద్దున్న వెళ్లేసరికి సార్ మంచి హుషారుగా ఉన్నారు. "ఏంటయ్యా, పెన్‌డ్రైవ్ నిండా చెత్త నింపావు? బూట్ అంట, ఈఎఫ్‌ఐ అంట, సోర్సెస్ అంట. వైరస్ ఏమోనని అన్నీ డిలీట్ కొట్టి సెమినార్ పీపీటీ వేసుకున్నా. ఇంతకీ ఆ సిస్టమ్ అయిపోయిందా? అరగంటే అన్నావుగా?"

ఇంకో ఫారం తీసుకున్నా. అటెండర్ అన్న ప్యాడ్ మీద నీళ్లు పోస్తున్నాడు.