మహారాజశ్రీ మూడేళ్ల రీసెర్చి గ్రాంటు గారికి

నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. మేం కొలుస్తున్న చెరువు క్షేమమో కాదో మాత్రం చెప్పలేను. అది తేలాలంటే ఇంకో పదిహేనేళ్లు కొలవాలి. తమరి గడువేమో వచ్చే నెలాఖరుతో సరి.

తమరు వచ్చారని స్వీట్లు పంచుకున్నాం. మొదటి ఏడు మనుషుల్ని తీసుకోవడానికి, అడవిలో అడుగు పెట్టే అనుమతికి, ఒక్క పరికరం కోసం మూడు కొటేషన్లు తెప్పించడానికి సరిపోయింది. రెండో ఏడు వానలు ముఖం చాటేశాయి. అది మామూలు కరువా, వాతావరణమే మారుతోందా అని తేల్చాలంటే పక్కన పెట్టి చూసుకోవడానికి మరికొన్నేళ్ల లెక్కలు కావాలి. మూడో ఏడంతా తమరికి తుది నివేదిక రాయడమే. మరి చెరువు దగ్గరికి ఎప్పుడు వెళ్లారని అడక్కండి, ఆ గడి తమరి ఫారంలో లేదు.

ఉత్తర అట్లాంటిక్‌లో గ్రీన్‌లాండ్ షార్క్ అని ఒక చేప ఉంది. 2016లో వాటి కంటి కటకాలకు వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్ష చేస్తే, ఆడది ఈడుకు రావడానికే దాదాపు 150 ఏళ్లు పడుతుందని అంచనాకొచ్చారు. తమరి లెక్కలో యాభై గ్రాంట్లు. ప్రతి నివేదికలోనూ 'సంతానం: ఇంకా లేదు' అని రాసుకుంటూ పోతే, ఏ రెండో గ్రాంటుకో 'పురోగతి అసంతృప్తికరం' అని ఫైలు మూసేసి ఉండేవారు. షార్కుకు ఆ సంగతి తెలియదు కాబట్టి బతికిపోయింది. మిడ్‌వే దీవిలో విజ్‌డమ్ అనే ఆల్బట్రాస్ పక్షి ఉంది. దాని కాలికి 1956లో పట్టీ తొడిగారు. 2024 చివర్లో కూడా అది గుడ్డు పెట్టింది. తొడిగిన శాస్త్రవేత్త చాండ్లర్ రాబిన్స్ 2017లో కన్నుమూశారు. ఈలోగా తమరి వంశంలో ఇరవై రెండు తరాలు గతించాయి.

అన్నట్టు, చార్లెస్ డేవిడ్ కీలింగ్ గారు తమరికి గుర్తున్నారా? 1958లో హవాయిలోని మౌనా లోవా మీద గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలెట్టారు. అప్పుడు పది లక్షల పాళ్లలో 315 దరిదాపుల్లో ఉండేది, ఇప్పుడు 420 దాటింది. ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో వేసుకునే గీత అది. దాన్ని దగ్గరగా చూస్తే 1964లో ఒకచోట చిన్న ఖాళీ కనిపిస్తుంది. ఆ కొన్ని నెలలూ కొండ మీద గాలి ఆగలేదండీ, డబ్బు ఆగింది. ఆ తర్వాత కూడా, రోజూ చేసే కొలతను పరిశోధన అని ఎలా అంటారని ఆయన్ని సతాయించారు. భూగోళం ఊపిరి గురించి వచ్చిన లెక్కల్లో బహుశా అంత విలువైనది మరొకటి లేదు. అది కూడా తమరి గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

నవ్యత. తమరి ఫారంలో నాకు చెమటలు పట్టించే గడి అదే. 'ఈ ప్రాజెక్టులోని కొత్తదనం, 200 పదాలకు మించకుండా.' జర్మనీలోని క్రెఫెల్డ్ కీటక సంఘంవాళ్లు, చాలామంది ఔత్సాహికులే, ఆ గడిలో ఏం రాసేవారో అని ఆలోచిస్తుంటాను. రక్షిత ప్రాంతాల్లో గుడారంలాంటి వల కట్టి, కొసకు ఆల్కహాల్ సీసా తగిలించి ఎగిరే పురుగుల్ని పట్టేవారు. తర్వాత సీసాను జల్లెడలోకి వంచేవారు. ఆల్కహాల్ ధారగా కారి, చుక్కలుగా మారి, ఒక చుక్కకూ ఇంకో చుక్కకూ నడుమ పది సెకన్లు దాటాక తూకం వేసేవారు. ప్రతిసారీ అవే పది సెకన్లు. 1989 నుంచి 27 ఏళ్ల పాటు, మొత్తం 63 చోట్ల. కొత్తదనం చొరబడకుండా కాపలా కాయడమే అక్కడి పని. 2017లో లెక్క తేలింది: ఎగిరే పురుగుల మొత్తం బరువు 75 శాతానికి పైగా పడిపోయింది. మూడేళ్లు తూచి ఆపేసి ఉంటే, ఏదో ఆ ఏడు చలి ఎక్కువైందని సరిపెట్టుకునేవాళ్లం.

తమరివల్ల ఏమీ కాదని అనను. కెనడాలో సరస్సుల్నే ప్రయోగశాలగా వాడే ఎక్స్‌పెరిమెంటల్ లేక్స్ ఏరియాలో, 1973లో 226వ నంబరు సరస్సును అడ్డంగా తెర కట్టి రెండు చేశారు. ఫాస్ఫరస్ కలిపిన సగం పచ్చగా నాచుపట్టింది, కలపని సగం తేటగా ఉంది. అలాంటి ప్రశ్నకు తమరు బ్రహ్మాండంగా సరిపోతారు. కానీ అక్కడే 223వ సరస్సు ఉంది. 1976 నుంచి అందులో కొద్దికొద్దిగా ఆమ్లం కలుపుతూ పోయారు. పెద్ద ట్రౌట్ చేపలు వెంటనే చావలేదు. వాటి తిండి అయిన చిన్న రొయ్యలు, చిట్టి చేపలు ముందు మాయమయ్యాయి. ఆనక ట్రౌట్లు ఎముకల గూళ్లయ్యాయి. తొందరపడి తొంగిచూసినవాడు 'చేపలు నిక్షేపంగా ఉన్నాయి' అని రాసుకుని పోయేవాడు. ఇంత చూపించిన చోటుకు 2012లో ప్రభుత్వం నిధులు ఆపేస్తానంది. 2014లో వేరే సంస్థ చేతికి వెళ్లి బతికింది.

తమరు వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లరు, అదీ నా అసలు బాధ. కూత విని పిట్ట పేరు చెప్పే కుర్రాడి జీతం తమరితోనే పోతుంది. సీసాల్లోని చీటీలు పెన్సిల్‌తో రాస్తాం, సిరా అయితే ఆల్కహాల్‌కు కరిగిపోతుంది. ఆ గిలుకుడు రాతలో 7 ఏదో 1 ఏదో తెలిసినవాడు అతనొక్కడే. అతను వెళ్లాక అలమర నిండా సీసాలుంటాయి, డేటా ఉండదు. సరుకు ఓడల వెనక పట్టుగుడ్డ పెట్టెలు కట్టి ఈడుస్తూ 1931 నుంచి ప్లాంక్టన్‌ను, అంటే నీటిలో తేలాడే సూక్ష్మజీవాల్ని, పడుతున్నవాళ్లు పాత గుడ్డలు దాచి ఉంచబట్టే, సముద్రంలో ప్లాస్టిక్ తునకలు 1960ల నుంచీ ఎలా పెరిగాయో 2004లో చూపగలిగారు. 1960ల్లో ఎవరి దరఖాస్తులోనైనా 'ఆశించిన ఫలితాలు' కింద మైక్రోప్లాస్టిక్ అని ఉందేమో, తమరి ఫైళ్లలో వెతికించండి.

ఇక విన్నపం. నీటిమట్టాన్ని తనంతట తానే నమోదు చేసే మా లాగర్ బ్యాటరీ ఐదేళ్లు వస్తుంది, తమరి కంటే ఆయుష్షు ఎక్కువ. దాన్ని చెరువులోనే వదిలేస్తున్నాం. వచ్చే దరఖాస్తులో అదే చెరువు, అదే లాగర్, అదే జల్లెడ, అదే కుర్రాడు. శీర్షిక మాత్రం మార్చాం: 'కృత్రిమ మేధ ఆధారిత జలావరణ స్థితిస్థాపకతకు ఒక వినూత్న బహుముఖ సమగ్ర చట్రం'. అందులో కృత్రిమ మేధ ఎక్కడుందని సమీక్షకులు అడిగితే, కుర్రాడి సెల్‌ఫోనులో ఉందని సెలవియ్యండి.

ఇట్లు,
తమరి చిరకాల దరఖాస్తుదారు