లిఫ్ట్ ముందు ఆగిపోయాను

కోవిడ్ తర్వాత మళ్లీ ఆఫీసుకు వెళ్లడం మొదలుపెడితే, జనం మధ్య ఉండాలంటే కలిగే భయం దానంతట అదే పోతుందని ఒక వ్యాసంలో చదివాను. నా విషయంలో అలా జరగలేదు. మొదటి రోజు లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. లోపల నలుగురున్నారు. నాకు కాలు ముందుకు పడలేదు. మెట్లెక్కి వెళ్లాను. నా టేబుల్ మీద క్యాలెండర్ ఇంకా 2020 మార్చి దగ్గరే ఆగి ఉంది. చూడగానే ఏడుపొచ్చేసింది. ఆ నెల 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించినప్పుడు, నాలుగు రోజుల్లో అంతా సర్దుకుంటుందనే అనుకున్నాను.

భయపెట్టే చోటుకు వెళ్లకుండా తప్పించుకుంటే ఆ పూటకు హాయిగానే ఉంటుంది కానీ, భయం మాత్రం లోపల ఇంకా గట్టిపడుతుంది. అందుకే కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోమని మానసిక నిపుణులు చెబుతారు. నేను మొదటి వారం మాస్క్ పెట్టుకుని, ఇంకొక్కరు మాత్రమే ఉన్నప్పుడు లిఫ్ట్ ఎక్కాను. తర్వాతి వారం ఇద్దరితో. ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది, కానీ ఎక్కుతున్నాను. అంతకన్నా ఇబ్బంది పెట్టింది నిద్ర. ఎంత త్వరగా పడుకుందామన్నా కుదరలేదు. రోజూ ఒకే వేళకు లేచి కాసేపు ఎండలో నిలబడటం మొదలుపెట్టాకే దారిలో పడింది.

జాగ్రత్త వేరు, భయం వేరు. ఈ వైరస్ గాలి ద్వారా కూడా సోకుతుంది కాబట్టి కిటికీ తెరవమని అడగడం చాదస్తం కాదు. నా పక్క సీటావిడ కోవిడ్‌తో తండ్రిని పోగొట్టుకున్నారు. అలాంటివాళ్లను "ఇంకా మాస్క్ ఎందుకండీ" అని దయచేసి ఎవరూ అడగకండి.